పక్క చెరువు నీటిని నమ్మని పద్ధతి కంటైనర్లకూ కావాలి

భీమవరం నుంచి ఉండి, ఆకివీడు వైపు వెళ్తూ రొయ్యల చెరువుల గట్ల మీద ఆగి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కాలువ నీటిని ఎవరూ నేరుగా చెరువులోకి వదలరు. తూము నోటికి సన్నకన్ను వల సంచి కట్టి ఉంటుంది. కొందరు నీటిని ముందు వేరే చెరువులో నిలవబెట్టి, క్లోరిన్ కలిపి, దాని ఘాటు పోయాకే తోడుకుంటారు. గట్టు చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన పిట్టలు వాలకుండా దారాలు. ఈ చెరువులో వాడిన వల ఆ చెరువులో వేయరు. మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రే కూడా ఏ చెరువుది ఆ చెరువుదే. రెండు చెరువులూ ఒకే రైతువైనా, మధ్య గట్టు ఒక్కటే అయినా ఇదే కట్టుబాటు.

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. టైగర్ రొయ్య కాలంలో, 1994-95 నాటికి, తెల్లమచ్చ తెగులు కోస్తా అంతటా చెరువులను ఊడ్చేసింది. నీటితో, పీతతో, వలతో, మనిషి కాలితో ఒక చెరువు నుంచి పక్క చెరువుకు పాకింది. 2009లో వనామి పెంపకానికి అనుమతి వచ్చినప్పుడు కంచె, నీటి నిల్వ చెరువు, చెరువుకో జత పనిముట్లు అనేవి నిబంధనల్లోకే ఎక్కాయి.

ఆ రైతు సరుకు కొనే ప్రాసెసింగ్ ప్లాంటును ఒకదాన్ని ఊహించుకుందాం. కంప్యూటర్ గదిలో మూడు సర్వర్లు, వాటిని కలిపి ఒక క్లస్టర్‌గా నడిపే కూబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్, అందులో నలభై పాడ్లు. ప్రోగ్రామును దానికి కావలసినవాటితో కలిపి మూటకట్టిన పెట్టె కంటైనర్, ఆ కంటైనర్ నడిచే గది పాడ్. చెరువుల్లోని ఆక్సిజన్ సెన్సర్ల రీడింగులు అందుకునేది ఒకటి. రైతు ఫోనుకు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో), ధర పంపేది ఒకటి. ఏ పెట్టెలో సరుకు ఏ చెరువుదో, ఏ హేచరీ సీడో విదేశీ కొనుగోలుదారుకు చూపించేది ఒకటి. రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు దాచే చెల్లింపుల డేటాబేసు ఇంకొకటి. బయట ఫైర్‌వాల్ గట్టిగానే ఉంటుంది. లోపలికి వచ్చాక మాత్రం అన్ని చెరువులకూ ఒకటే నీరు. కూబర్నెటీస్‌లో విడిగా నెట్‌వర్క్ పాలసీ (ఏ పాడ్ దేనితో మాట్లాడవచ్చో చెప్పే నియమం) రాయకపోతే ఏ పాడ్ అయినా, ఏ నేమ్‌స్పేస్‌లో (పాడ్లను విడదీసి పెట్టుకునే విభాగంలో) ఉన్నా, మరే పాడ్‌తోనైనా మాట్లాడగలదు. లోపం వల్ల జరిగేది కాదిది. దాని కట్టడమే అంత.

ఈ కట్టడం ఎంత ప్రమాదకరమో 2025 మార్చిలో బయటపడింది. కూబర్నెటీస్ క్లస్టర్లకు ముఖద్వారంగా అప్పట్లో ఎంతోమంది వాడిన ఇంగ్రెస్-ఎన్‌జిన్ఎక్స్‌లో సీవీఈ-2025-1974 అనే లోపం వెల్లడైంది. దాన్ని వాడుకోవడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, పాడ్ల నెట్‌వర్క్‌లో ఒక్క అడుగు పెట్టగలిగితే చాలు. మామూలు అమరికలో ఆ ముఖద్వారం సాఫ్ట్‌వేర్ క్లస్టర్‌లోని రహస్యాలన్నీ చదవగలదు కాబట్టి, ఎందుకూ కొరగాని ఓ చిన్న పాడ్‌లో దూరినవాడు కూడా మొత్తం క్లస్టర్‌కు యజమాని కాగలిగేవాడు. సెన్సర్ పాడ్‌ను ఎవరూ పట్టించుకోరు. తెగులు వచ్చేదే అటు నుంచి.

పక్క చెరువు నీటిని నమ్మని పద్ధతికి కంప్యూటర్లలో ఉన్న పేరు జీరో ట్రస్ట్. ఆ మాటను ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థలో పనిచేసే రోజుల్లో జాన్ కిండర్వాగ్ 2010లో ప్రచారంలోకి తెచ్చారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020 ఆగస్టులో 800-207 సంఖ్యతో దీని నిర్మాణాన్ని వివరించింది. కంటైనర్ల తరహా అప్లికేషన్లకు 800-207ఏ పత్రం 2023 సెప్టెంబరులో వచ్చింది. రెండింటి సారం ఒకటే: లోపల ఉన్నాడన్న కారణంతో ఎవరినీ నమ్మకూడదు. అడిగిన ప్రతిసారీ ఎవరు, ఏమిటి, ఎందుకు అని చూసి, పనికి సరిపడా మాత్రమే ఇవ్వాలి. ఇది పద్ధతి. డబ్బాలో పెట్టి అమ్మేది కాదు. అయినా 'జీరో ట్రస్ట్ సొల్యూషన్' పేరుతో వచ్చే కరపత్రాలకు లెక్కలేదు. వాటిని ఎంచాలంటే ముందు మన చెరువులో ఏముందో మనకు తెలియాలి.

అందుకు ఒక సాయంత్రం చాలు. సెన్సర్ రీడింగులు అందుకునే పాడ్‌లో షెల్ (ఆదేశాలు టైపు చేసే తెర) తెరిచి, అక్కడి నుంచి చెల్లింపుల డేటాబేసు 5432 పోర్టును, అంటే దాని నెట్‌వర్క్ తలుపును, తట్టి చూడాలి. చాలాచోట్ల తలుపు వెంటనే తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ ఒక్కటే అడ్డు. ఆ పాస్‌వర్డ్ ఉన్న సీక్రెట్ (కూబర్నెటీస్ రహస్యాలు దాచే చోటు) బేస్64 రూపంలో ఉంటుంది, అంటే వేషం మార్చినదే తప్ప తాళం వేసినది కాదు. తర్వాత ఆ పాడ్‌కు తనంతట తాను అంటుకున్న సర్వీస్ అకౌంట్ టోకెన్ అనే గుర్తింపు చీటీతో కూబర్నెటీస్ ఏపీఐని (అది ఆదేశాలు అందుకునే ద్వారాన్ని) ఏమేం అడగవచ్చో చూడాలి. సెన్సర్ లెక్కలు రాసుకునే ప్రోగ్రాముకు ఆ టోకెన్‌తో పనే లేదు. క్లౌడ్‌లో నడుస్తున్నదైతే 169.254.169.254 చిరునామాను పలకరించాలి. సర్వరు తాలూకు తాత్కాలిక తాళంచెవులు అక్కడ దొరుకుతాయి. చివరగా, బయట ఇంటర్నెట్‌లో ఏదో ఒక చిరునామాకు వెళ్లగలుగుతుందేమో చూడాలి. వెళ్లగలిగితే, దొంగిలించిన డేటా బయటికి పోయే మురుగు కాలువ అదే.

ఈ నాలుగు ఫలితాలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, అమ్మకందారుతో మాట్లాడేటప్పుడు అంతకు మించిన ఆయుధం ఉండదు. ఆయన సాఫ్ట్‌వేర్ పెట్టాక అదే పాడ్ నుంచి మళ్లీ తట్టి చూడవచ్చు.

డబ్బు ఖర్చు పెట్టకముందే సగం పని అవుతుంది. ప్రతి నేమ్‌స్పేస్‌లో 'ఏదీ రావద్దు, ఏదీ పోవద్దు' అని ఒక పాలసీ, ఆపైన అవసరమైన దారులకు మాత్రమే అనుమతులు. అవసరం లేని పాడ్లకు టోకెన్ అంటించకుండా ఆపడం. ఇవన్నీ కూబర్నెటీస్‌లో ఉన్నవే. కానీ ఇక్కడ ఒక గొయ్యి ఉంది, తెలిసినవాళ్లు కూడా పడతారు. నెట్‌వర్క్ పాలసీని రాసుకునేది కూబర్నెటీస్, అమలు చేసేది మాత్రం దాని కింద ఉండే నెట్‌వర్క్ ప్లగిన్. ఫ్లానెల్ అనే ప్లగిన్ ఒక్కటే పెట్టుకున్న క్లస్టర్‌లో పాలసీ రాస్తే అది బుద్ధిగా నమోదవుతుంది, జాబితాలో కనిపిస్తుంది, ఎర్రర్ రాదు. పని మాత్రం చేయదు. తూముకు వల కట్టామని పుస్తకంలో రాసుకుని, కట్టకుండా వదిలేసినట్టు. క్యాలికో, సీలియం లాంటివి అమలు చేస్తాయి. చిన్న ప్లాంట్లకు బాగా నప్పే తేలికపాటి కూబర్నెటీస్ అయిన కే3ఎస్‌లో ఫ్లానెల్ ఉన్నా, పాలసీ అమలు చేసే భాగాన్ని విడిగా జతచేసి ఇస్తారు. ఏది ఉన్నా, పాలసీ రాశాక తట్టి చూడకుండా నమ్మకూడదు.

ఇంకో చిన్న విషయం. బయటికి పోయేవన్నీ ఆపిన మొదటి రోజే దాదాపు అన్ని జట్లూ ఒకే తప్పు చేస్తాయి: డీఎన్ఎస్‌కు (పేరును చిరునామాగా మార్చే సర్వీసుకు) వాడే 53 పోర్టును కూడా మూసేస్తాయి. దాంతో పేరు చెప్పి పిలిచిన ఏ సర్వీసూ పలకదు, ప్లాంటు మొత్తం నిలిచిపోతుంది, జీరో ట్రస్ట్ మన ఊరికి పనికిరాదన్న మాట పుడుతుంది. ఆ ఒక్క అనుమతి ముందుగా రాసుకుంటే ఆ మాట పుట్టదు.

కొనాల్సింది ఎక్కడ మొదలవుతుందంటే, ఈ సొంత పనిముట్లు అందుకోలేని చోట. మామూలు నెట్‌వర్క్ పాలసీ ఐపీ చిరునామాలు, పోర్టులు, పాడ్‌కు, నేమ్‌స్పేస్‌కు అంటించిన లేబుళ్లను మాత్రమే చూస్తుంది. బ్యాంకు గేట్‌వేకి తప్ప ఇంకెక్కడికీ వెళ్లకూడదని డొమైన్ పేరుతో చెప్పలేం. సీలియం లాంటివి ఆ పని చేస్తాయి. అంతకన్నా పెద్ద లోటు లేబుల్‌ది. లేబుల్ అంటే చొక్కాకు పెట్టుకున్న చీటీ. ఆ నేమ్‌స్పేస్‌లో పాడ్ పుట్టించే హక్కు ఉన్నవాడు ఏ చీటీ అయినా రాసుకోగలడు. ఎవరు ఎవరో గట్టిగా తేలాలంటే ప్రతి సర్వీసుకూ ధ్రువపత్రం ఉండాలి, రెండు వైపులవారూ ఒకరి పత్రం ఒకరు చూసుకున్నాకే మాట్లాడుకోవాలి. స్పిఫీ అనే ప్రమాణం, దాన్ని అమలు చేసే స్పైర్, సర్వీసుల మధ్య మాటలను కాపాడే సర్వీస్ మెష్‌లైన ఇస్టియో, లింకర్‌డీ ఉన్నది ఇందుకే.

డెల్టాలో ఈ ఎంపికకు ఒక ప్రశ్న అదనం: ఆ పత్రాల ఆయుష్షెంత, ఇచ్చేది ఎక్కడ కూర్చుని? ఇస్టియోలో మామూలుగా సర్వీసు పత్రం 24 గంటలు చెల్లుతుంది. స్పైర్‌లో ఒక గంట. గడువు తీరకముందే కొత్తది తెచ్చుకుంటూ ఉంటాయి. తక్కువ ఆయుష్షు మంచిదే, దొంగిలించినా ఎక్కువసేపు పనికిరాదు. కానీ పత్రాలు ఇచ్చే భాగం ఎక్కడో క్లౌడ్‌లో ఉండి, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా తీరం దాటినట్టు ఇంకో తుపాను దాటి, ఫైబర్ లైను ఒకరోజు తెగితే? గది లోపల మూడు సర్వర్లూ జనరేటర్ మీద చక్కగా నడుస్తూనే ఉంటాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మాత్రం మానేస్తాయి. కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రత హెచ్చరిక పంపాల్సిన సర్వీసు పత్రం లేక మూగబోతుంది. కాబట్టి పత్రాలిచ్చే భాగం క్లస్టర్‌లోనే ఉండాలి. అమ్మకందారు నియంత్రణ భాగం వాళ్ల క్లౌడ్‌లో ఉంటుందంటే, లైను తెగినప్పుడు ఆఖరి పాలసీతో ఎంతకాలం నడుస్తుందో రాతపూర్వకంగా అడగాలి.

లింకర్‌డీ తేలిక, నేర్చుకోవడం సులువు. అయితే దాని కమాండ్‌తో ఏ మార్పూ లేకుండా పెట్టుకుంటే మిగతా పత్రాలకు ఆధారమైన మూలపత్రం ఏడాదికి గడువు తీరుతుంది. మార్చడం మరిచిపోయిన క్లస్టర్లు సరిగ్గా ఏడాదికి, పెట్టినవాడు ఉద్యోగం మారాక, నిలిచిపోతాయి. ఇంకోటి, 2024 ఫిబ్రవరి నుంచి దాని స్థిరమైన విడుదలలను దాన్ని తయారుచేసే బోయంట్ సంస్థే ఇస్తోంది, 50 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీలు ఉత్పత్తిలో వాడితే డబ్బు కట్టాలని పెట్టింది. రొయ్యల ప్లాంటులో తలలు తీసే షెడ్డును కూడా లెక్కలోకి తీసుకుంటే 50 దాటని ప్లాంటు ఉండదు. ఓపెన్ సోర్స్ అన్న మాట విని లైసెన్స్ చదవకుండా దిగకూడదు.

ఇస్టియో బరువు ఎక్కువ. పాత పద్ధతిలో ప్రతి పాడ్ పక్కనా ఒక ప్రాక్సీని (రాకపోకలు చూసే మధ్యవర్తిని) నిలబెడుతుంది. ఒక్కోదానికి 50 ఎంబీ మెమరీ అనుకున్నా నలభై పాడ్లకు 2 జీబీ పోయినట్టే, చిన్న సర్వర్లకు అది బరువే. 2024 నవంబరులో 1.24 విడుదలతో స్థిరపడిన యాంబియంట్ పద్ధతిలో సర్వరుకు ఒకటే చిన్న ప్రాక్సీ సరిపోతుంది. చిన్న క్లస్టర్‌కు ఇప్పుడు ఇదే సరైన దారి.

లోపలికి వచ్చే ఇమేజీల (కంటైనర్లను పుట్టించే అచ్చుల) సంగతికొస్తే, ఇక్కడ రొయ్య రైతుకు తెలిసిందే సాఫ్ట్‌వేర్ జట్టుకూ అక్కరకొస్తుంది. సీడు కొనేముందు ల్యాబుకిచ్చి పీసీఆర్ పరీక్ష చేయిస్తారు. నెగెటివ్ వస్తేనే చెరువులో వదులుతారు. ట్రివీ లాంటి స్కానర్లు ఇమేజీలో తెలిసిన లోపాల కోసం వెతికేది అలాంటి పరీక్షే. కానీ నెగెటివ్ వచ్చిన సీడుకు చెరువులో తెగులు రాదని ఏ రైతూ అనడు. పెద్ద లోపం బయటపడక ముందు, 2021 డిసెంబరు మొదటి వారం వరకు, లాగ్4జే (ఎన్నో ప్రోగ్రాములు చిట్టా రాయడానికి వాడే భాగం) ఉన్న ఇమేజీలన్నీ ఆ విషయంలో పరీక్షలో నెగ్గినవే. స్కానర్‌ను చూపించి ఇదే జీరో ట్రస్ట్ అనేవాళ్ల దగ్గర ఆగక్కర్లేదు. ఇమేజీ మన దగ్గర తయారైందేనా అని సంతకం చూసి, లేనిదాన్ని గుమ్మంలోనే ఆపేది కావాలి. సంతకానికి కోసైన్, ఆపడానికి కైవెర్నో లాంటివి ఉన్నాయి.

గుమ్మం కాపలాకు మాత్రం ఒక గడ్డు పరీక్ష ఉంది. వేసవిలో కరెంటు పోయి, యూపీఎస్ అయిపోయి, తిరిగి వచ్చింది. మూడు సర్వర్లలో ఒకటి లేవలేదు. దాని మీదున్న పాడ్లను మిగతా రెండింటి మీద కొత్తగా పుట్టించాలి. ప్రతి కొత్త పాడ్‌నూ కాపలా పాడ్ చూసి ఒప్పుకోవాలి. ఆ కాపలా పాడ్ కూడా లేవని సర్వరు మీదే ఉంటే? దాన్ని పుట్టించాలన్నా దాని అనుమతే కావాలి. కాపలా పలకకపోతే మామూలు అమరికలో కూబర్నెటీస్ పాడ్‌ను నిరాకరిస్తుంది. పలకకపోయినా పోనివ్వమని మార్చితే దొంగకూ అదే దారి. సరైన జవాబు మధ్యలో ఉంది: కాపలా పాడ్లను వేర్వేరు సర్వర్ల మీద రెండు మూడు పెట్టాలి, దాని సొంత నేమ్‌స్పేస్‌కు మినహాయింపు ఇవ్వాలి. రూట్‌గా (సర్వాధికారిగా) నడవకూడదు, సర్వరు సొంత ఫైళ్లు ముట్టకూడదు లాంటి సాదా నియమాలను కూబర్నెటీస్ 1.30 విడుదలలో స్థిరపడిన వ్యాలిడేటింగ్ అడ్మిషన్ పాలసీకి అప్పగించాలి. అది ఏపీఐ సర్వరు లోపలే నడుస్తుంది కాబట్టి విడి కాపలాదారు నిద్రపోయే బాధ లేదు. సంతకం చూడటం మాత్రం దాని వల్ల కాదు. సాఫ్ట్‌వేర్ చూపించడానికి వచ్చినవాళ్ల ముందే ఒక సర్వరు ప్లగ్ తీసి ఏమవుతుందో చూడమనాలి. ఒప్పుకోనివాళ్ల సరుకు కొనకూడదు.

నడుస్తున్న కంటైనర్‌ను గమనించే సాఫ్ట్‌వేర్‌లో ఫాల్కో పేరు మొదట వినిపిస్తుంది. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) స్థాయిలో జరిగేది చూసి, సెన్సర్ పాడ్‌లో ఉన్నట్టుండి షెల్ తెరుచుకుంటే చెబుతుంది. చెబుతుంది, అంతే. తనంతట తాను ఆపదు. టెట్రాగాన్, క్యూబ్‌ఆర్మర్ ఆపగలవు. ఇద్దరే ఉన్న జట్టుకు, అన్నీ ఒకచోట కావాలంటే, సూసె సంస్థ 2021లో కొని తర్వాతి జనవరిలో ఓపెన్ సోర్స్ చేసిన న్యూవెక్టర్ పరిశీలించదగ్గది. అది ముందు మామూలు నడవడిని నేర్చుకుంటుంది, తర్వాత తేడాలను చెబుతుంది, ఆఖరున ఆపుతుంది. మూడు దశలు.

ఆ నేర్చుకునే దశ గురించి కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. అమ్మకందారులు రెండు వారాలు నేర్పిస్తే చాలంటారు. నగరంలో ఏడాది పొడవునా ఒకేలా నడిచే దుకాణానికి అది చాలవచ్చు. మన పని అలా ఉండదు. వనామి పంట రమారమి మూడు నాలుగు నెలలది. సీడు వేసిన మొదటి వారాల్లో ప్లాంటు సాఫ్ట్‌వేర్‌కు పనే ఉండదు. పట్టుబడి మొదలైతే రాత్రంతా లారీలు, తూకాలు, కౌంటు మార్పులు, రైతులకు చెల్లింపులు, ఎగుమతి పత్రాలు. నెలాఖరులో జీఎస్టీ లెక్కలు. ఖాళీ కాలంలో రెండు వారాలు నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌కు ఎగుమతి పత్రాల సర్వీసు కస్టమ్స్ పోర్టల్‌తో మాట్లాడటం ఎన్నడూ కనపడి ఉండదు. పట్టుబడి రాత్రి దాన్ని దొంగ అనుకుని ఆపేస్తుంది. ఐసు కరుగుతుంటుంది, సరుకు నాణ్యత పడిపోతుంటుంది, కోపం పట్టలేక ఎవరో మొత్తం రక్షణనే తీసేస్తారు. తర్వాత దాన్ని తిరిగి పెట్టేవాడు ఉండడు. అందుకే ఒక పూర్తి పంటను, కనీసం ఒక పట్టుబడినీ ఒక నెలాఖరునూ చూశాకే ఆపే దశకు వెళ్లాలి. అప్పుడు కూడా డేటాబేసుతో మొదలుపెట్టి ఒక్కో సర్వీసును ఎక్కించాలి. నేర్చుకునే దశను నెలల పాటు ఉంచితే లైసెన్సుకు అదనపు ధర అడుగుతారా అన్నది ఒప్పందంలోనే తేల్చుకోవాలి.

కాపలాదారునూ నమ్మకూడదన్నది ఈ పద్ధతిలో భాగమే. నడవడిని గమనించే ఏజెంట్లు ప్రతి సర్వరు మీదా దాదాపు సర్వాధికారాలతో నడుస్తాయి. 2024 జులై 19న రక్షణ సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచంలో 85 లక్షల విండోస్ యంత్రాలు కూలాయని మైక్రోసాఫ్ట్ లెక్క వేసింది. శత్రువు దాడి కాదు, రక్షణ సాఫ్ట్‌వేర్ చేసిందే. అప్‌డేట్లు ముందు ఒక సర్వరుకు, మర్నాడు మిగతావాటికి వెళ్లేలా మన చేతిలో మీట ఉందా అని అడగాలి. ఏజెంటుకు ఏయే అధికారాలు ఎందుకో పేజీ రాసివ్వమని అడగాలి.

చట్టం వైపు రెండు విషయాలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను (కంప్యూటర్లు జరిగింది రాసుకునే చిట్టాలను) 180 రోజులు దేశంలోనే ఉంచాలి. పాడ్ చనిపోతే దాని లాగ్ కూడా పోతుంది కాబట్టి, కొనే సాఫ్ట్‌వేర్ వాటిని వెంటనే వేరేచోటికి పంపాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తగిన రక్షణ లేనందుకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఆధార్, ఖాతా నంబర్లు మన దగ్గర దాచుకున్న రైతు ఆ చట్టం కన్నా ముందే మనల్ని నమ్మాడు. ఆ నంబర్లు బయటపడితే అతని ఖాతాకే ముప్పు, మన డబ్బుతో తీరే నష్టం కాదు.

ధర సర్వరు లెక్కన ఉంటుందా, కోర్ల లెక్కన ఉంటుందా అన్నది అందరూ అడుగుతారు. ఎక్కువమంది అడగని ప్రశ్న ఒకటుంది: రాత్రి రెండింటికి ఎవరు? కాలువ మీద లాకులు ఎన్ని ఉన్నా, నీళ్లు ఎప్పుడు ఎత్తాలో దించాలో తెలిసిన లస్కరు లేకపోతే చివరి చేలకు నీరందదు. పాలసీలన్నీ సాదా ఫైళ్లుగా, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉండి, ఎవరు ఎప్పుడు ఏది మార్చారో కనిపించే సాఫ్ట్‌వేర్ ఇద్దరు మనుషుల జట్టుకు నడుస్తుంది. తెర మీద నొక్కితే తప్ప మారనిది, మార్చింది ఎవరో చెప్పనిది, ఎంత గొప్పదైనా ఆ జట్టు చేతిలో పాడవుతుంది.

కాబట్టి నెల రోజుల ట్రయల్ తీసుకుంటే మూడు వారాలు అమ్మకందారు ఇంజినీరును పనిచేయనివ్వాలి. నాలుగో వారం ఆయన లాగిన్ తీసేయాలి. ఒక రాత్రి ఫైబర్ తీగ పీకి, ఒక సర్వరును ఆపి, చెల్లింపుల సర్వీసుకు కావాలని ఒక తప్పు పాలసీ పెట్టాలి. మన జట్టులోని ఇద్దరు పిల్లలు, కాకినాడలోనో భీమవరంలోనో చదువుకుని ఇక్కడే ఉండిపోయినవాళ్లు, అమ్మకందారుకు ఫోన్ చేయకుండా దాన్ని ఎంతసేపట్లో కనిపెట్టి వెనక్కి తీశారో గడియారం చూసి రాసుకోవాలి. తర్వాత సెన్సర్ పాడ్‌లోకి వెళ్లి మళ్లీ 5432 తట్టాలి.